మా నెట్ సెంటర్లో పెళ్లిచూపులు

2005లో సత్తెనపల్లి మొత్తానికి కంప్యూటర్ సంగతులు నాకే బాగా తెలుసని గట్టిగా నమ్మేవాణ్ణి. ఊళ్లో కొంతమంది కూడా నమ్మేవారు. ఆ మాట వాళ్లకి రోజూ చెప్పింది నేనే కాబట్టి. ఆ ధీమాతోనే ఒక అమ్మాయిని చూసి, "పాపం, ఈ పిల్లకి కంప్యూటరంటే బెరుకండీ" అని నలుగురిలో జాలిపడ్డాను. నెట్ సెంటర్ నడిపిన ఇన్నేళ్లలో అంతకన్నా తెలివితక్కువ మాట నా నోట రాలేదు. వచ్చి ఉన్నా సాక్షులు లేరు. దీనికి మాత్రం రెండు ఆటోల సాక్షులున్నారు.

నా పేరు మస్తాన్‌వలి. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను పరుపులు వదిలేసి, పరువుగా ఉంటుందని కంప్యూటర్లలోకి వచ్చాను. బస్టాండు దగ్గర విత్తనాల కొట్టు మేడ మీద ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి క్యాబిన్లు చేసి, నెట్ సెంటర్ తెరిచాను. 'వలీ గారి వల' అని స్నేహితులు ఎగతాళి చేసేవారు. వల పెద్దదే, చేపలే తక్కువ. పరీక్షల రిజల్ట్స్ వచ్చినరోజు మెట్ల కింద దాకా జనం; మిగతా రోజుల్లో నేనూ, ఫ్యానూ.

మాకు అంతో ఇంతో అన్నం పెట్టింది చాటింగు. గల్ఫ్‌లో ఉన్న తమవాళ్లతో మాట్లాడటానికి చుట్టుపక్కల ఊళ్లనుంచి వచ్చేవారు. చాట్ విండో అంటే తెర మీద ఒక మూల తెరుచుకునే చిన్న కిటికీ. ఇక్కడ కొట్టిన మాట అక్కడ కనపడుతుంది. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. టైపింగ్ రానివాళ్లు చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. వెబ్‌క్యామ్ అనేది మానిటర్ నెత్తిమీద కూర్చునే కోడిగుడ్డంత కెమెరా. అప్పటి నెట్ స్పీడుకి అందులో బొమ్మ ఆగి ఆగి వచ్చేది. అవతలివాడు దణ్ణం పెడితే, చేతులు దించేశాక ఇవతల కనపడేది. మాట మాత్రం స్పీకర్లో ముందే వచ్చేసేది.

ఒకరోజు పెదకూరపాడు వైపు ఊరి నుంచి రాఘవయ్య గారని ఒక పత్తి రైతు వచ్చారు. వెంట ఆంజనేయులు గారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో దళారి. రంగు వెలిసి తెల్లబడిన తాలు కాయని కూడా తళుకు కాయ అని నమ్మించగలడని ఆయనకి పేరు.

"మా మేనల్లుడు శ్రీను మస్కట్లో ఇంజినీరయ్యా. వాడి కింద ఎంతమంది పని చేస్తారో వాడికే తెలీదు" అన్నారు ఆంజనేయులు గారు. "సెలవు దొరకట్లా. రాఘవయ్య గారి అమ్మాయిని నీ డబ్బాలోనే చూపిచ్చేద్దాం. ఏమంటావ్?"

"తప్పకుండానండీ. ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది" అన్నాను. డబ్బా కొట్టుకోవడంలో నేనూ ఆయనకి తీసిపోను.

శుక్రవారం మధ్యాహ్నం అనుకున్నాం. జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి మెట్ల మీద చెప్పుల గుట్ట. అమ్మాయి తరఫున ఒక ఆటో, అబ్బాయి తరఫున వినుకొండ నుంచి ఇంకో ఆటో. అంతమంది క్యాబిన్లో పట్టరు కదా, రెండు ప్లైవుడ్ చెక్కలు ఊడదీశాను. టీ కొట్టు నుంచి బల్లలు తెప్పించాను. అబ్బాయి తల్లిని ముందు వరసలో కూర్చోబెట్టాం. బజ్జీలు, మైసూరుపాకు వచ్చాయి. కంప్యూటర్ల దగ్గర తినకూడదని గోడ మీద నేను అంటించిన కాగితం కిందే తిన్నారు.

అమ్మాయి పద్మ. గుంటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చేసింది. కాఫీ కప్పుల పళ్లెంతో వచ్చి నిలబడింది. అప్పటికి శ్రీను బొమ్మ తెర మీదికొచ్చి, నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది.

"అబ్బాయికి ఇవ్వవే ముందు" అంది పద్మ నాయనమ్మ.

"ఎట్టా ఇచ్చేది నాయనమ్మా, ఆయన మస్కట్లో ఉన్నాడు."

"ఉంటే ఉన్నాడు. మర్యాదకి చూపియ్యి."

పద్మ ఒక కప్పు తీసి మానిటర్ ముందు పెట్టింది. అది ఎక్కడ ఒలుకుతుందోనని నా ప్రాణం గిలగిల్లాడింది. తర్వాత అమ్మాయి కుర్చీలో కూర్చుని, మన పెళ్లిచూపుల్లో ఆడపిల్లలు కూర్చునే పద్ధతిలోనే తల వంచుకుంది. కెమెరా పైన, తల కింద. మస్కట్‌కి వెళ్లిందల్లా పాపిడి, దానివెనక మల్లెపూలు.

"అమ్మా, కొంచెం తల ఎత్తాలి" అన్నాను. ఎత్తలేదు. కెమెరాని వంచాను. ఇంకా వంచుకుంది. అప్పుడే రాఘవయ్య గారి వైపు తిరిగి ఆ జాలి మాట అన్నాను.

"పెళ్లిచూపుల్లో తల వంచుకోక ఎగరేసుకుని కూర్చుంటదా?" అని నాయనమ్మ నన్నే కసిరింది. అబ్బాయి తల్లికి మాత్రం అమ్మాయి అణకువ తెగ నచ్చేసింది.

ఇంతలో తెర మూల చాట్ విండో తెరుచుకుని అక్షరాలు వచ్చాయి.

"ఏంటయ్యా అయ్యి?" అన్నారు ఆంజనేయులు గారు. పెద్దల్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేను చదవగలను కానీ చదవలేదు.

"ఏవో ప్రకటనలండీ, అడ్డం వస్తుంటాయి" అని మౌస్‌తో మూసేశాను. కాసేపటికి అది మళ్లీ తెరుచుకుంది. మళ్లీ మూశాను. మూడోసారి మూయబోతుంటే పద్మ తల ఎత్తకుండానే, నాకొక్కడికే వినపడేట్టు అంది: "అన్నా, దాన్ని వదిలెయ్యి."

అప్పుడే కరెంటు పోయింది. పత్తి చేలకి ఇవ్వడం కోసమని ఊళ్లో మధ్యాహ్నం కోత మామూలే. యూపీఎస్ కీచుమని అరవడం మొదలెట్టింది. యూపీఎస్ అంటే కరెంటు పోయాక కంప్యూటర్‌ని కాసేపు బతికించే బ్యాటరీ పెట్టె. నాది అప్పటికే ముసలిది. దాని వైర్లు సరిచేద్దామని బల్ల కిందికి వంగాను. నా తెలివితక్కువతనం మొత్తం అక్కడ బయటపడింది.

కీబోర్డు పెట్టే ట్రే బల్ల కింద ఉంటుంది, బయటికి లాగితే వస్తుంది. వెనకున్నవాళ్లకి అది కనపడదు. ఆ ట్రే మీద, పైటచెంగు చాటున, పద్మ వేళ్లు పరిగెడుతున్నాయి. పది వేళ్లూనూ! నేను ఆ రోజుకీ ఈ రోజుకీ రెండు వేళ్ల మనిషిని. ఆ పిల్ల సిగ్గుతో తల వంచుకోలేదు, కీబోర్డు చూసుకోవడానికి వంచుకుంది, మధ్యమధ్యలో ఓరకంట తెర చూసుకుంటూ.

లేచి నిలబడి, తెర మీది చాట్ కిటికీలోకి చూశాను. ఇతరుల చాట్ చదవకూడదు. చదివాను.

'మీ పాపిడి మాత్రమే కనపడుతోంది' అని మొదలెట్టాడు శ్రీను.

'మీరు బాగానే కనపడుతున్నారు. మీ జేబులో టెస్టర్ ఎందుకుంది? ఇంజినీర్లు టెస్టర్ పెట్టుకుంటారా?' అని పద్మ.

నేను తెర వంక చూశాను. నిజమే. నీలం చొక్కా జేబుకి, కరెంటు ఉందో లేదో చూసే టెస్టరు వేలాడుతోంది. అంతసేపూ ఆ బొమ్మని సరిచేస్తూ కూర్చున్న నాకది కనపడలేదు.

'నేను ఇంజినీర్ని కాదండి. ఏసీ మెకానిక్‌ని. ఓవర్‌టైం మధ్యలో వచ్చాను. మీకు ఏం చెప్పారు?'

'ఇంజినీరని చెప్పారు. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.'

'మామయ్య అలా చెప్పాడని నాకు తెలీదు. కాంట్రాక్టు అయిపోగానే వచ్చేసి గుంటూరులో షాపు పెట్టుకుందామని నా ఆలోచన.'

'నాకు అదే నచ్చింది. కానీ ఈ మాట మా నాన్నకి మీ నోటితో చెప్పండి. ఇప్పుడే. చెబితే నాకిష్టం. చెప్పకపోతే మీరు నచ్చలేదని చెప్పేస్తాను.'

యూపీఎస్ కీచుకీచులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. రాఘవయ్య గారు తాంబూలాలు అప్పుడే పుచ్చుకునేట్టున్నారు, ఆ పళ్లెం కూడా తెచ్చుకున్నారు. ఈ పెట్టె ఆరిపోయిందంటే, ఆ అబద్ధం మీదే అన్నీ జరిగిపోతాయి. లేకపోతే ఈ పిల్ల కారణం చెప్పకుండా కాదని, అందరి చేత మాటలు పడుతుంది. ఆ మాత్రం నాకూ అర్థమైంది. చేతనైన ఒకే పని చేశాను. మిగతా కంప్యూటర్లన్నీ, నా బల్ల మీదదీ ఆపేసి, ఉన్న బ్యాటరీ అంతా ఆ ఒక్కదానికే వదిలాను.

"సరే, చూసుకున్నారుగా" అంటూ ఆంజనేయులు గారు లేచారు. "ఇక ఆపెయ్యవయ్యా వలీ. తాంబూలాలు కానిద్దాం."

"ఒక్క నిమిషమండీ, దీన్ని అట్టా మధ్యలో ఆపితే పాడైపోతుంది" అన్నాను. అంత పెద్ద అబద్ధం ఆ గదిలో ఆయన తర్వాత నేనే ఆడాను.

స్పీకర్లో గరగర వచ్చింది. బొమ్మ నోరు మూసుకునే ఉంది, మాట మాత్రం వచ్చింది.

"రాఘవయ్య గారూ, నమస్కారమండీ. నేను ఇంజినీర్ని కాదండీ. ఏసీలు బాగుచేస్తాను."

"లైను కలిసిపోయింది! ఇంకెవరిదో మాటయ్యా అది!" అని ఆంజనేయులు గారు స్పీకర్ మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. రెండో స్పీకర్ ఆ పక్కన ఉందని ఆయనకి తెలీదు.

"ఇంకెవరిదో కాదు మామయ్యా, నేనే, శ్రీనుని. నువ్వట్టా ఎందుకు చెప్పావ్?" అంది రెండో స్పీకరు.

అంతటితో యూపీఎస్ కన్ను మూసింది. తెర నల్లబడింది. అబ్బాయి తల్లి చేతిలో బజ్జీ పట్టుకుని, "నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నా అన్నయ్యా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని" అని నెమ్మదిగా అంది.

రాఘవయ్య గారి మొహం జేవురించింది. ఆయన నోరు తెరిచేలోపు నాయనమ్మ అడిగింది: "ఏసీ అంటే చల్లగాలి మిషనేనా?"

"అదేనమ్మా" అన్నాన్నేను.

"గుంటూరు ఎండలకి దాన్నిమించిన పని ఏవుందిరా రాఘవా? ఇంజినీరయితే ఎండాకాలం మనకేసి చూస్తాడా?"

పద్మ అప్పుడు తల ఎత్తింది. ఆ రోజు మా సెంటర్లో ఆ మొహం సరిగ్గా చూడటం అదే మొదలు. "నాన్నా, నాకిష్టమే" అంది.

రాఘవయ్య గారు తాంబూలాల పళ్లెం ముందుకి జరిపారు. ఆ తర్వాత ఆంజనేయులు గారి వైపు తిరిగి, "మీ మేనల్లుడు మంచోడండీ. మీ పోలిక రాలా" అన్నారు. తాంబూలాలు మా సెంటర్లోనే, కరెంటు లేకుండానే పుచ్చుకున్నారు.

ఆ పెళ్లిచూపుల తర్వాత నా పని తీరు మారింది. అంతకుముందు ఎవరొచ్చినా పక్కకి జరిపి నేనే కూర్చునేవాణ్ణి. ఆ రోజు నుంచి ముందు కుర్చీ వాళ్లకిచ్చి, "టైపింగ్ వచ్చా?" అని అడగడం మొదలెట్టాను. టైపింగ్ వచ్చిన ఆడపిల్లలు ఎంతమందో ఉన్నారు. అడిగినవాడే లేడు. తెర మీద ఏముందో చూడటం ఎవడైనా నేర్చుకుంటాడు. తెర ముందు కూర్చున్న మనిషిని చూడటం నాకు పద్మ నేర్పింది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆంజనేయులు గారు ఊరుకోలేదు. శ్రీను వచ్చి, పెళ్లి చేసుకుని, గుంటూరులో షాపు తెరిచాక కూడా, "సంబంధం నా తెలివి వల్ల నిలబడింది గానీ, ఆ వలీగాడి డొక్కు మిషను చెడగొట్టేదే. ఆడపిల్లల్ని అక్కడికి పంపమాకండి" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పారు. చాలాకాలం మా మెట్లెక్కే ఆడపిల్లలు తగ్గిపోయారు. ఆయన చెప్పేదాన్ని కాదనడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. నా నోటి సంగతి ఊరికి తెలుసు.

కొన్నేళ్లకి, ఫోటోలు పెట్టుకుని ఒకళ్ల గోడ మీద ఒకళ్లు రాసుకునే సైట్లు వచ్చాయి. ఒక సాయంత్రం ఆంజనేయులు గారు ఏమీ ఎరగనట్టు మా మేడెక్కారు.

"ఏవయ్యా వలీ, యార్డులో కుర్రాళ్లందరికీ ఉందంట. నాకూ ఒకటి తెరువు."

తెరిచాను. పద్మ పెట్టిన పెళ్లి ఫోటో ఒకటి కనపడింది. ఆయన మొహం వెలిగిపోయింది. "దాని కింద రాయి. ఈ సంబంధం కుదిర్చింది నేనేనని రాయి. అందరికీ కనపడుద్దిగా?"

"అందరికీ కనపడుతుందండీ" అన్నాను. ఆయన చెప్పినట్టే, అక్షరం మార్చకుండా, నా రెండు వేళ్లతో కొట్టాను.

పద్మ అప్పుడు షాపులో కంప్యూటర్ ముందే ఉన్నట్టుంది. కాసేపట్లోనే జవాబు వచ్చింది.

"ఏమని రాసింది?" అన్నారు ఆయన, కుర్చీ ముందుకి జరుపుకుంటూ.

చదవలేనివాళ్లకి వచ్చిన జవాబుల్ని చెవి దగ్గర మెల్లగా చదివి చెప్పడం మా వృత్తిలో పద్ధతి. ఆ పద్ధతిని ఆ సాయంత్రం కాసేపు పక్కన పెట్టాను. క్యాబిన్లన్నీ నిండి ఉన్నాయి. కుర్చీ వెనక్కి నెట్టి, లేచి నిలబడి, గొంతు సవరించుకున్నాను.

"'నిజమే బాబాయ్ గారూ. మీరు ఆయన్ని ఇంజినీరని చెప్పబట్టే నాకు అనుమానం వచ్చింది. అనుమానం వచ్చింది గనకే అడిగాను. నిజం చెప్పాడు గనకే చేసుకున్నాను. అంతా మీ చలవే.'"

క్యాబిన్లలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. కిలకిలమని నవ్వులు మొదలయ్యాయి. చివరి క్యాబిన్లోంచి ఎవరో ఆడపిల్ల తల బయటికి పెట్టి, "అంకుల్, మొదట్లో సరిగ్గా వినపళ్లేదు, ఇంకోసారి చదవరా?" అంది.

కస్టమర్ అడిగాక కాదంటే ఏం బావుంటుంది? ఇంకోసారి చదివాను.