పెద్ద రింగు కొనకు, చిన్న రింగు మొదటికి

ఆగుర్రి, చాయ్ తాగుకుంట వినుర్రి. మొన్న ఆదివారం ప్రాణహిత ఒడ్డున నేను ఇంత పెద్ద వాలుగ చాపను గుంజిన్నని బజార్ల ఒకటే ముచ్చట నడుస్తున్నది గదా? గుంజిన మాట నిజమే. వాలుగ అన్న కాడనే జర తేడా!

నా సంగతి మీకెరికే. సిరొంచల రేడియోలు బాగుచేసేటోణ్ణి, ఇప్పుడిప్పుడు టేప్ రికార్డర్లు గూడ. మూగవోయిన డబ్బ ఏదైనా నా చేతిల పడ్డదంటే పాడాలె. గసొంటోనికి బొంబాయిల పనిచేసే దోస్తు ఒక రీలు తెచ్చిచ్చిండు. చాపలు పట్టే రీలు! హ్యాండిల్ తిప్పితే చాలు, తంగూసు దారం గిర్రున చుట్టుకుంటది. "కర్ర నువ్వే చేసుకో" అన్నడు. గంత మాటంటే ఆగుతనా నేను?

మంచి వెదురు చూసి కోసి, మంట మీద కాపి చక్కగ చేసిన. చేత పట్టుకునే దిక్కు, మొదట్ల రీలు బిగించిన. ఇగ రింగులు. దారం కర్ర వెంబడి పోవాలంటే రింగులుండాలె గదా. తీగ వంచి, సోల్డరింగ్ పెట్టి రెండు చేసిన. ఒకటి గాజంత, ఒకటి ఉంగరమంత.

నా పక్క దుకాణం లచ్చన్నది, టైలర్. రింగులను దారంతోని కర్రకు చుట్టేది ఆయనే. "పెద్దది రీలు దిక్కు పెట్టాల్నా, కొనకా?" అని అడిగిండు.

"కొనకే! చాప ఏ దిక్కుకెళ్లి వస్తది? కొన దిక్కుకెళ్లి. దర్వాజ పెద్దగుండాలె. లోపటికి వచ్చినంక సన్నగున్నా నడుస్తది. గరాటు చూడలే నువ్వు?"

లచ్చన్న నోరు తెరిసిండు. "అరె, మస్తు దిమాక్ నీది! మరి నడుమల?"

"నడుమల ఎందుకు? ఉత్తగ బరువు. రెండు చాలు."

"నిజమే. గుండీలు ఎక్కువైతే అంగీ తొడుక్కునుడు లేటైతది" అన్నడు. గిసొంటి దోస్తు పక్కకుంటే మనిషికి అనుమానం ఎట్ల వస్తది, మీరే చెప్పుర్రి!

టెస్ట్ గూడ చేసిన. కొన కాడ దారం పట్టుకొని మెల్లగ గుంజితే వెన్నలెక్క వచ్చింది. పాస్!

ఆదివారం మా అత్తమ్మ వచ్చేదుండె. మేం కొత్తిల్లు కట్టినంక మొదటిసారి, నది అవతలికెళ్లి, చెన్నూరు దిక్కుకెళ్లి. మా ఇంటామె రాజవ్వ పొద్దుగాలనే కోడిని పట్టుకున్నది.

"ఇడిసిపెట్టు దాన్ని! పగటీలికి చాప తెస్త. పులుసుకు మసాల నూరు" అన్న.

"పడకపోతే?"

"నేను బాగుచేసిన రేడియో ఎన్నడన్న పలకకపోయిందా?"

"రేడియో నీళ్లల్ల ఉండదు" అన్నది. అన్నది గని కోడిని ఇడిసింది.

పడవ ఆగే రేవుకు జర కింద, తుంగ దుబ్బుల ఎనుక నిలబడ్డం నేనూ లచ్చన్న. మనుషులు కనబడకుంటే చాప బెదరదని నా లెక్క. గాలానికి పిండిముద్ద పెట్టి, సీసం గుండు కట్టి, భుజం మీదికెళ్లి జోరుగ ఇసిరిన.

రీలు మీదికెళ్లి దారం సుట్టలు సుట్టలుగ లేస్తదని నాకేమెరుక? ఇంతింత వెడల్పు సుట్టలు! అన్నీ ఒక్కపారే వచ్చి ఆ ఉంగరమంత రింగు మీద పడ్డయి, ఇరుకు సందుల ఎడ్లబండ్లు అడ్డం పడ్డట్టు. టక్కున ఆగింది. గుండు గాలిలనే మర్లి వచ్చి లచ్చన్న టోపీని ఎత్తుకపోయింది.

"గాలి ఎక్కువున్నది" అన్న.

"అవునవును, గాలే" అన్నడు లచ్చన్న, నీళ్లలకెళ్లి టోపీ తీసుకుంట. ఆకు గూడ కదుల్తలేదు.

రెండోసారి ఇంకింత జోరుగ ఇసిరిన. గుండు ఈసారి పక్కకు మర్లి, తుంగ మీదికెళ్లి రేవు దిక్కు ఏడనో పడ్డది. రింగు కాడ దారం పిట్టగూడు లెక్క అయ్యింది. తల వంచుకొని ఆ చిక్కు ఇప్పుతున్ననో లేదో, అటుకెళ్లి గుంజింది!

"లచ్చన్నా! పడ్డది! వాలుగ!"

బట్టలు ఉతికేటోళ్లంత ఉరికొచ్చిన్రు. ఒక జంగల్ గార్డు "కాయ్ ఝాలం?" అని, ఏమైందని మరాఠీల అడుగుకుంట వచ్చిండు. "మోఠా మాసా! పెద్ద చాప!" అని లచ్చన్న చేతులు చాపి సైజు చూపెట్టిండు. ఇంకా చూడనే లేదు, సైజు మాత్రం చెప్పిండు!

కర్ర వంగింది. నడుమల రింగుల్లేవు గదా, కర్ర ఒక దిక్కు, దారం ఒక దిక్కు, అచ్చం విల్లు లెక్క. బరువంత ఒక్క కాడనే పడి ఫట్టుమని ఇరిగింది. ఇడుస్తనా నేను? తువ్వాల చేతికి చుట్టి దారమే గుంజిన. రాజవ్వ మొఖం కండ్ల ముంగట తిరుగుతున్నది. జనం "గుంజు! గుంజు!" అంటున్నరు. తుంగ అవతలికెళ్లి ఎవరో ఆడామె గూడ ఒర్లుతున్నది. ఆమె గూడ నా దిక్కే ఉన్నదనుకొని ఇంకింత గుంజిన. తుంగలకెళ్లి ఒకటి నల్లగ, గుండ్రంగ జారుకుంట వచ్చింది.

మూట!

దాని ఎనుక మోకాటిలోతు నీళ్లల్ల, చీర ఎగజెక్కుకొని మా అత్తమ్మ! "దొంగలు! దొంగలు! పడవ దిగి మూట కింద పెట్టి, మల్ల ఎత్తుకోబోతె గుంజుకపోతున్నరు! పట్టుకోర్రి!"

దారం చూసింది. నా చేతుల సగం కర్ర చూసింది. నన్ను చూసింది.

"అల్లుడా?"

"అత్తమ్మా, మంచిగున్నవా?" అన్న. ఇంకేమనాలె!

ఇంటికి పోంగనే రాజవ్వ "పడ్డదా?" అన్నది. "పడ్డది" అని అత్తమ్మ మూటలున్న స్టీలు డబ్బ చేతుల పెట్టిన. అబద్ధమైతే కాదు, గాలానికే పడ్డది. మూత తీసి చూసింది. బిడ్డకు ఇష్టమని అత్తమ్మ తెచ్చిన చాపలు.

"ఏందయ్యా, నీ గాలానికి పడ్డ చాప ముక్కలు కోసుకొని, ఉప్పు పసుపు పూసుకొని వచ్చిందా?" అన్నది. అత్తమ్మ నవ్వలేక గోడకు ఒరిగింది.

తిన్నంక కూసొని రీలు మీదికెళ్లి దారం ఎట్ల లేస్తున్నదో మల్ల మల్ల చూసిన. సమజైంది! సుట్టలు వెడల్పుగ వస్తయి గనుక పెద్ద రింగు రీలు దిక్కే ఉండాలె, పోను పోను చిన్నవి, కొన కాడ దగ్గర దగ్గర. కొత్త కర్ర తయార్. ఈసారి చూడుర్రి నా తడాఖా! లచ్చన్నకు చెప్తే, "నేను ముందే అనుకున్న" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల అత్తమ్మ వాపస్ పోయింది. సాగనంపుదామని రాజవ్వ రేవుకు పోయింది. పడవ ఎక్కే ముందు మూటను రెండు చేతుల పట్టుకొని, బిడ్డను పక్కకు పిలిచి అడిగిందట:

"అల్లుడు ఇంట్లనే ఉన్నడు గదనే? బయట గొళ్లెం పెట్టే వచ్చినవా?"