‘మొండి’ అన్న మాట కొట్టేసిన సిస్టరమ్మ

మా బస్తీ దవాఖాన సిస్టరమ్మ పోయిన కబురు చైతన్యపురి మెట్రో మెట్లు దిగుతుండగా తెలిసింది. ఆశా కార్యకర్త ఫోన్ చేసి, ముందురోజు సాయంత్రం ఆవిడ బీపీ పెరిగి ఇంట్లోనే పడిపోయారని, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందని చెప్పింది. జనం తోసుకుంటూ దిగిపోతున్నారు. నేను గోడ పక్కకి జరిగి నిలబడ్డాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మొదట నాకు ఏడుపు రాలేదు. ఇక మా వాసుని ఎవరు చూస్తారన్న భయం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత, ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి లెక్క చెబుతూ బోర్డు వైపు తిరిగినప్పుడు వచ్చింది.

వాసు నా తమ్ముడు. ముప్పై నాలుగేళ్లవాడు. పుట్టుకతోనే మానసిక ఎదుగుదల తక్కువ. వాడికి ఉన్న మాటలు కొన్నే, అవీ ఆలస్యంగా వస్తాయి. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడ్డాం. నాన్న పోయాక అమ్మ, నేను, వాసు మిగిలాం.

ఏడేళ్ల కిందట వాసు ఉన్నట్టుండి తన చెంప తనే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం పళ్లెం తోసేసేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి, ఎల్బీనగర్‌లో రెండు క్లినిక్కులు తిరిగాం. ప్రతిచోటా డాక్టరు నా మొహం చూసి మాట్లాడేవాడు, వాసు వంక చూసేవాడు కాదు. ఇలాంటివాళ్లు ఇంతేనమ్మా అని ఒకాయన నిద్రమాత్రలు రాశాడు. నేనే రోజూ పెరుగన్నంలో కలిపి పెట్టాను. వాడు మూడు నెలలు పగలంతా నిద్రపోయాడు. లేచినప్పుడల్లా కొట్టుకునేవాడు.

ఆ రోజుల్లోనే సిస్టరమ్మ మా అమ్మకి బీపీ చూడటానికి మా ఇంటికి వచ్చారు. ఆవిడది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి. అమ్మ పని అయ్యాక మంచం మీద ఉన్న వాసుని చూసి, ఈయనకి బీపీ ఎప్పుడు చూశారని అడిగారు. ఎప్పుడూ చూడలేదన్నాను. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు నాకు.

బీపీ పట్టీ చేతికి చుట్టబోతే వాసు విసిరికొట్టాడు. ఆవిడ బలవంతం చేయలేదు. మర్నాడు మళ్లీ వచ్చి తన చేతికే కట్టుకుని గాలి కొట్టుకున్నారు. ఆ మర్నాడు అమ్మకి, నాకు, చివరికి దిండుకి కూడా కట్టారు. నాలుగో రోజు వాసు తనంతట తనే చెయ్యి చాపాడు. చెయ్యి చాపాక నోరు తెరవడానికీ ఒప్పుకున్నాడు. లోపల దవడ పన్ను పుచ్చి, చిగురు చీము పట్టి ఉంది.

"వాడికి చెప్పడం రాదండీ," అన్నాను, తప్పు చేసినదానిలా.

"చెప్పరాదని ఎవరన్నరు టీచరమ్మా? చెంప కొట్టుకొని చెప్తనే ఉన్నడు గద. మనకే ఇనొస్తలేదు."

నొప్పి పెట్టే మాటే. కానీ ఆవిడ ‘మీకు’ అనలేదు, ‘మనకు’ అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

పన్ను తీయించడానికి ఆవిడే మాతో వచ్చారు. మొదటిసారి కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి తీసుకొచ్చేశాం. రెండోసారి లైటు వేయించి చూపించాం. మూడోసారి తీశారు. సూది వేసేముందు నొప్పి ఉండదని నేను అనబోతుంటే ఆవిడ నన్ను ఆపి, వాసు మొహంలోకి చూస్తూ చెప్పారు. "నొప్పైతది వాసూ. పది లెక్కపెట్టేదాంక. నేనే లెక్కపెడ్త." బయటికి వచ్చాక నాతో, ఒక్కసారి అబద్ధం చెబితే మళ్లీ చెయ్యి ఇవ్వడన్నారు. వారం తిరిగేసరికి చెంప కొట్టుకోవడం ఆగిపోయింది. నిద్రమాత్రల్ని డాక్టరుకి చెప్పి మెల్లగా మాన్పించారు.

ఎవరింటికి వెళ్లినా ఆవిడ ముందు చేతులు కడుక్కునేవారు, స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో రుద్ది వెచ్చబెట్టేవారు. మా ఇంట్లో ముందు పలకరింపు ఎప్పుడూ వాసుకే. ఆ తర్వాతే అమ్మకి, నాకు.

వాసులాంటివాళ్లు చుట్టుపక్కల ఇంకెందరున్నారో ఆవిడ ఇల్లిల్లూ తిరిగి తెలుసుకున్నారు. తొమ్మిది కుటుంబాలు తేలాయి. దవాఖాన డాక్టరు గారిని ఒప్పించి, ప్రతి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, రద్దీ తగ్గాక, వీళ్లని నిదానంగా చూసేట్టు చేశారు. బరువు, కళ్లు, చెవులు, పళ్లు, రక్తం, అన్నీ ఏడాదికోసారి. ఒక్కొక్కరికీ ఒక కాగితం కూడా పెట్టించారు. నొప్పొస్తే ఏం చేస్తాడు, దేనికి భయపడతాడు, ఎట్లా పిలిస్తే పలుకుతాడు అని. వాసు కాగితం రాసింది నేనే. మొదటి వరుసలో ‘మొండివాడు’ అని పెట్టాను. ఆవిడ పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశారు.

"మొండి అని రాస్తే డాక్టరు ఇగ చూస్తడా? ఏం చేస్తడో అది రాయి."

అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అన్నేళ్లు కలిసి బతికి కూడా, వాడేం చేస్తాడో నేను సరిగ్గా చూడలేదని ఆ రెండు రోజుల్లో అర్థమైంది.

ఆవిడ చేయలేనివీ ఉన్నాయి. ఒకమ్మాయి మూర్ఛల సంగతి ఆలస్యంగా తెలిసింది, ఆ పిల్ల దక్కలేదు. తర్వాత చాలా వారాలు ఆవిడ మాట తగ్గిపోయింది. ఇంకొకటి కూడా ఉంది, ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వనిది. భయపడేవాళ్లకి చూపించడానికి ఆవిడ తన చేతికి ఆ పట్టీ ఎన్నిసార్లు కట్టుకున్నారో లెక్కలేదు. అంకె ఎంత వచ్చిందో ఆవిడ చూసుకోలేదు. మేమెవరమూ అడగలేదు.

ఆవిడ పోయిన వారానికి వాసు నడుం పట్టుకుని నేల మీద చుట్టుకుపోవడం మొదలుపెట్టాడు. ఆటోలో దవాఖానకి తీసుకెళ్లాను. కొత్త సిస్టర్ చిన్నమ్మాయి, ఎదురుగా పెద్ద వరుస. మంగళవారాల సంగతి తనకెవరూ చెప్పలేదంది. నిజమే, అది ఏ ఆర్డరులోనూ లేదు, ఆవిడ నోటిమాట మీద నడిచింది. డాక్టరు గారు మాత్రం వాసుని గుర్తుపట్టి, పడుకోబెట్టి, పొట్టా నడుమూ నొక్కి చూశారు. స్కానింగులో మూత్రపిండంలో చిన్న రాయి కనిపించింది. మందులతో పడిపోయింది. ఈసారికి గట్టెక్కాం. ఆ డాక్టరు గారికి బదిలీ అయితే అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. అమ్మకి డెబ్బై దాటాయి. నాకూ బీపీ మాత్రలు మొదలయ్యాయి.

మంగళవారాలు కొనసాగించమని కుటుంబాలన్నీ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. పైనుంచి ఆర్డరు రావాలన్నారు. ఇంకా రాలేదు.

అయినా మొన్న మంగళవారం మూడింటికి ఎవరూ పిలవకుండానే అందరం వెళ్లి కూర్చున్నాం. వాసు బెంచీ మీద కూర్చోకుండా బరువు తూచే మిషను పక్కన నేల మీద కూలబడ్డాడు. కొత్త సిస్టర్ బయటికి వచ్చి మమ్మల్ని చూసింది, మందుల కోసం నిలబడ్డ వరుసని చూసింది. రిజిస్టరు తెరిచి, ఈయన పేరేంటని నన్నే అడిగింది. ఆయన్నే అడగమ్మా అన్నాను.

ఆ అమ్మాయి రిజిస్టరు పట్టుకుని వాడి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీ పేరేంది అన్నా?"

వాసు ఆమె మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. వరుసలో ఎవరో విసుక్కున్నారు. నేను పేరు అందించబోయి పళ్లు బిగబట్టుకున్నాను. ఆమె పెన్ను రిజిస్టరు మీద ఆనించి అలాగే ఉంచింది. వాడు ఇంకా చెప్పలేదు. ఆమె ఇంకా లేవలేదు.