జర్మనీ నుంచి మొరాకో: పెద్దమ్మ వీసాలో మేం చూడని అంకె

మొరాకో మాట మొదట ఎత్తింది మా పెద్దమ్మే. మా అమ్మకు అక్క. జగిత్యాల దగ్గర గవర్నమెంటు బళ్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరైంది. విజిట్ వీసా మీద కైసర్స్‌లౌటర్న్‌లో మా ఇంటికి వచ్చిన కొత్తలోనే గోడమీది మ్యాప్ ముందు నిలబడి, "ఇక్కడికెల్లి సహారా గింత దగ్గరుంటదారా?" అని అడిగింది. ఏళ్ల తరబడి పిల్లలకు ఎడారి పాఠం చెప్పిన మనిషి, తాను చూసిన ఇసుక మాత్రం ధర్మపురిలో గోదావరి ఒడ్డుదే.

నా భార్య శ్రావ్యకు సెలవు దొరకలేదు, మా ఐదేళ్ల అన్వికి కీటా, అంటే ఇక్కడి నర్సరీ బడి, ఉంది. అందుకని ఇద్దరమే బయల్దేరాం. బుధవారం మర్రాకేష్‌కు వెళ్లి, ఆదివారం కాసాబ్లాంకా నుంచి తిరిగి రావాలని టికెట్లు తీశాను. మన పాస్‌పోర్టుకు మొరాకో ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, ఫోన్ చార్జింగును నమ్ముకోకండి.

పొద్దున ఐదున్నర ట్రైను. డైనింగ్ టేబుల్ మీద పార్సిల్ అట్టపై గీసిన అష్టాచెమ్మా సగంలో ఆగి ఉంది. పందెం వేయడానికి పెద్దమ్మ ఊరి నుంచి తెచ్చిన చింతగింజలు, పావులకు షర్టు గుండీలు. అన్వి ఆమెను నానమ్మ అనే పిలుస్తుంది; రోజూ సాయంత్రం నానమ్మా మనవరాలూ ఆడే ఆట అది. ఆదివారం దాకా ఎవరూ కదిలించకూడదని అన్వి శ్రావ్యకు ఆర్డరు వేసి పడుకుంది. నేను లేపబోతే పెద్దమ్మ ఆపింది.

"పండుకోనియ్యిరా. లేస్తే ఎంబడి వస్తనని ఏడుస్తది. ఆదివారం వస్తం గదా."

మన్‌హైమ్‌లో మారి ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ మీద రీజనల్ ట్రైన్లలో వెళ్లేవాళ్లు ఇంకో గంట ముందే బయల్దేరండి. మన ఖర్మకు ఆ రోజే ట్రైను లేటవుతుంది.

పాస్‌పోర్ట్ కంట్రోల్‌లో నా రెసిడెన్స్ కార్డు చూసి పంపేశారు. పెద్దమ్మ పాస్‌పోర్టు దగ్గర ఆఫీసరు ఆగిపోయాడు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, "ఈమె మళ్లీ జర్మనీకి వస్తారా?" అని అడిగాడు. ఆదివారం అన్నాను. ఆయన వీసా స్టికర్ మీద ఎన్నిసార్లు రావచ్చో రాసే చోట వేలు పెట్టాడు. ఒకటి అని ఉంది.

"వెళ్లొచ్చు. కానీ ఈ వీసా మీద తిరిగి రాలేరు," అన్నాడు, మర్యాదగానే.

కార్డుల మీద బతికే మాకు గడువు తేదీ ఒక్కటే చూసుకోవడం అలవాటు. పోయినన్నిసార్లు పోతాం, వచ్చినన్నిసార్లు వస్తాం. ఆ స్టికర్ మీద కూడా నేను తేదీలే చూశాను, అవి సరిపోయాయి. కొత్త వీసా కావాలంటే ఇండియా వెళ్లి మళ్లీ మొదటి నుంచి తిప్పలు పడాల్సిందే.

పక్కకు వచ్చి పెద్దమ్మకు చెప్పాను. "ఇంటికి పోదాం. టికెట్లు పోతే పోయినయ్."

ఆమె పాస్‌పోర్టు నా చేతిలోంచి తీసుకుని ఆ అంకె తానే చూసింది. "ఇప్పుడు ఇంటికి వోతే ఇంకో నెలన్నర అన్వితోని ఉంటా. ఎడారి మాత్రం ఇగ చూడ. గంతేనా?"

"గంతే."

"అక్కడికెల్లి హైదరాబాద్‌కు విమానం ఉండదా?"

"దోహా మీదికెల్లి ఉంటది. కానీ పెద్దమ్మా, నీ సామానంతా ఇంట్లనే ఉన్నది."

"సామానుదేముందిరా, ఎవలన్న వచ్చేటోళ్లతోని పంపుతవ్. పిల్లకు ఫోన్ జెయ్యి."

చేశాను. అన్వి అప్పటికే కీటాకు వెళ్లిపోయిందని శ్రావ్య చెప్పింది. పెద్దమ్మ కళ్లు కొంగుతో తుడుచుకుని, "పోదాం పా," అంది. అక్కడే నిలబడి ఆదివారం మధ్యాహ్నానికి దోహా మీదుగా ఆమెకు టికెట్ కొన్నాను. వీల్‌చెయిర్ కూడా అడిగాను, దానికి వేరే ఖర్చేమీ లేదు.

విమానంలో మా పక్కన ఓఫెన్‌బాఖ్‌లో ఉండే మొరాకో పెద్దమనిషి కూర్చున్నాడు. విమానం దిగాకే డబ్బు దిర్హామ్‌లలోకి మార్చుకోమని, టాక్సీ ఎక్కకముందే రేటు ఖాయం చేసుకోమని చెప్పాడు. నేను తెలుగులో చెబితే పెద్దమ్మ, "మన ఆటోలోళ్ల లెక్కనే ఉన్నరన్నట్టు," అంది. పొద్దున్నుంచి అప్పుడే నవ్వింది.

తిండికి ఇబ్బంది లేదు. గురువారం పెద్దమ్మ నీసు ముట్టదు. మట్టి మూకుట్లో వండే టాజీన్‌ను కూరగాయలతో అడిగినా, మాంసం వేసిన మూకుట్లోంచే ముక్కలు పక్కకు తీసి పెట్టే చోట్లుంటాయి. విడిగా వండారా అని అడిగి తినండి. మేం రొట్టెలో కారప్పొడి, ఆలివ్ నూనె వేసుకుని కూడా కానిచ్చాం.

గురువారం పొద్దున మర్రాకేష్‌లో బస్సెక్కితే ఎడారి అంచునున్న జాగొరా చేరేసరికి సాయంత్రమైంది. దారంతా అట్లాస్ కొండల మలుపులే, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లు అడగండి. పెద్దమ్మ పక్కనున్న ముసలామె కమలాపండు తొక్క విరిచి వాసన చూడమని ఇచ్చింది. ఇద్దరికీ కలిసిన భాష ఒక్క ముక్క లేదు. పిల్లలెందరని ఆమె సైగ చేస్తే పెద్దమ్మ ఫోన్లో అన్వి ఫోటో చూపించింది. ఆమె తెర మీదే పిల్లకు ముద్దు పెట్టింది. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి చాలాసేపు ఇటు చూడలేదు.

శుక్రవారం షేర్ టాక్సీలో మ్హామిద్ వెళ్లాం. తారు రోడ్డు అక్కడితో సరి. తర్వాత క్యాంపు వాళ్ల జీపు. అది గంటసేపు పోయినా రాళ్లూ గులకరాళ్లే.

"ఇదంత రాళ్లేనాయె! పిల్లలతోని మొత్తం ఇసుకనే గీయించిన గదరా. ఇప్పుడు ఎవలకు చెప్పాలె? అందరు పెద్దోళ్లయిపోయిండ్రు."

సాయంత్రానికి ఇసుక దిబ్బలు వచ్చాయి. పెద్దమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా చెయ్యి కూడా పట్టుకోకుండా ఎక్కింది. పైన కూర్చుని దోసిలితో ఇసుక తీసి వదిలింది, మళ్లీ తీసింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. పొద్దు గూకాక మాత్రం, "పిల్లను లేపకపోతిని గదరా," అని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

శనివారమంతా మర్రాకేష్‌కు తిరుగు బస్సు. ఆదివారం పొద్దున ట్రైనెక్కి కాసాబ్లాంకా చేరాం. ఎయిర్‌పోర్టుకు ముందుగా వెళ్లండి, గుమ్మం దగ్గరే సామాను తనిఖీ ఉంటుంది. పెద్దమ్మది ఒక గేటు, నాదొకటి. వీల్‌చెయిర్‌లో కూర్చుని, "ఆట తియ్యకుండ్రి," అని మాత్రం అంది.

సోమవారం పొద్దున అన్వి లేచి నన్నొక్కణ్ణే చూసి, "వో ఇస్ట్ నానమ్మ?" అంది, నానమ్మ ఏదని. నానమ్మ జగిత్యాల వెళ్లిపోయిందని చెప్పాను. శ్రావ్య అప్పటికే ఆ మాట చెప్పి ఉంచింది. పిల్ల నమ్మలేదు. గదులన్నీ తిరిగింది, పెద్దమ్మ పెట్టె అక్కడే ఉండటం చూసి, నేనే అబద్ధం చెబుతున్నానని అరిచింది. చివరికి టేబుల్ దగ్గర కూర్చుని నానమ్మ తరఫున చింతగింజలు వేసింది, ఆమె పావును జరిపింది. తర్వాత తన వంతు వేసుకుంది.

మొరాకో మంచి దేశం, మనుషులు ఇంకా మంచివాళ్లు, తప్పకుండా వెళ్లండి. మీతో వచ్చే పెద్దవాళ్ల వీసాలో మళ్లీ రావడానికి వీలుందో లేదో ముందే చూసుకోండి. ఒక్కసారికే ఇచ్చి ఉంటే ఎడారి మానుకోమని నేను చెప్పను. ఇంట్లో నిద్రపోతున్న పిల్లను మాత్రం లేపి, చెప్పి బయల్దేరండి.