గోడకెక్కిన మాట

మా తోడికోడలు కాన్పుల ఆసుపత్రిలో పురుళ్లు పోసే సిస్టరు. నేను అదే వార్డులో ఆయాని. ఆవిడకి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే పాలల్లో నీళ్లు ఎక్కువయ్యాయంటుంది. ఆడపడుచు మెచ్చుకుంటే ఆ పూట అన్నం సయించదు.

అలాంటి మనిషి నోట ఒక్క మాట మాత్రం నిక్కచ్చిగా వచ్చేది. నొప్పులతో వచ్చిన పిల్ల చెయ్యి పట్టుకుని, "నేను చూసుకుంటానమ్మా" అనేది. అప్పటిదాకా ఇల్లెగిరిపోయేలా అరిచిన పిల్ల కాస్త కుదుటపడేది.

ఒకరోజు ఆఫీసు నుంచి కొత్త పద్ధతి దిగింది. ఇకమీదట ఆవిడ సిస్టరు కాదట, "ప్రసూతి సేవా బృంద సభ్యురాలు" అట. "నేను" అనకూడదట. "మా బృందం మీకు సహకరిస్తుంది" అనాలట. కొత్త బ్యాడ్జీలు పెట్టుకుని మేమంతా మురిసిపోయాం. ఆవిడ మాత్రం దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"ఇంత పొడుగు పేరు ఊరికే పెట్టరే. రేపు ఏదన్నా తేడా వస్తే ఆ తల్లి ఈ బృందాన్ని ఎక్కడని వెతుక్కుంటుంది?"

"నీకు తాడు కూడా పామేలే అక్కా," అన్నాను.

ఆ రోజుల్లోనే ఇన్‌ఛార్జి పోస్టుకి ఆవిడని అనుకుంటున్నారు. ఎవరు ఎలా మాట్లాడుతున్నారో వినడానికి మేట్రన్ గారు తలుపు దగ్గరే నిలబడేవారు. నోరు జారితే పోస్టు పోయినట్టే.

సరిగ్గా అప్పుడే తొలికాన్పు పిల్ల ఒకతె వచ్చింది. మంచం ఊచ పట్టుకుని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. మా అక్క చిలకపలుకులు అప్పజెప్పింది.

"మా బృందం మీకు సహకరిస్తుంది."

"బృందం అంటే ఎవరండీ? నా బిడ్డని పట్టుకునేదెవరు?" అని ఆ పిల్ల ఏడ్చేసింది.

అక్క ఒకసారి మేట్రన్ వైపు చూసింది. తర్వాత మంచం వైపు తిరిగింది. "నేనమ్మా. నేను చూసుకుంటాను," అంది. పిల్ల ఊచ వదిలి ఆవిడ చెయ్యి పట్టుకుంది. బిడ్డ కేరుమన్నప్పుడు నాకూ ఏడుపొచ్చింది. ఇక పోస్టుకి నీళ్లొదులుకోవాల్సిందే అనుకున్నాను.

పోస్టు వచ్చింది! మేట్రన్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

"మెచ్చుకుందంటే ఏదో పట్టుకుపోతుంది, చూస్తూ ఉండు," అని అక్క సణిగింది. నేను పడీపడీ నవ్వాను.

నెల తిరక్కుండా ప్రతి మంచం ఎదురుగా గోడకి బోర్డు కొట్టారు: "నేను చూసుకుంటాను." గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ అనాల్సిన మాటట. డాక్టరమ్మ అంటోంది. రక్తం తీసేవాడు సూది గుచ్చుతూ అంటున్నాడు. బిల్లు అడగడానికొచ్చే అమ్మాయి కూడా అంటోంది. చీపురు పట్టుకుని నేనూ అంటున్నాను.

నిన్న నొప్పులతో ఇంకో పిల్ల వచ్చింది. అక్క దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నేను చూసుకుంటానమ్మా."

ఆ పిల్ల బోర్డు వైపు చూసింది, అక్క వైపు చూసింది, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అందరూ అదే అంటున్నారు. అసలు చూసుకునేదెవరో చెప్పండి."

అక్క నోరు తెరిచింది. ఆవిడ దగ్గర ఇంకో మాట లేదు.