ముడులు తెంపే హోయ్ట్

ఇంకొకరు వేసిన ముడి మీద హోయ్ట్ గ్యాస్కిన్‌కి నమ్మకం లేదు. దేవుడి మీద ఉంది, రైళ్ళ వేళల మీద ఉంది, మూడో భార్య చేసే మొక్కజొన్న రొట్టె మీద కూడా కొంత ఉంది. ఇంకొకరు గాలానికి వేసిన ముడి మీద మాత్రం లేదు. శనివారం తెల్లవారేసరికి టాలివా జలాశయం రేవులో, పడవలు నీళ్ళలోకి దించే వాలు దగ్గర నిలబడి ఉండేవాడు. మెడలో బూటు తాడు, ఆ తాడుకి గోళ్ళు తీసుకునే కట్టర్. నీ పడవ నీళ్ళను తాకేలోపు వచ్చి, నీ గాలపుకర్ర అందుకుని, కొనకున్న గాలాన్ని రెండు వేళ్ళతో పట్టి ఒక్క గుంజు గుంజి, పెదవి విరిచి, టక్కున దారం కత్తిరించేవాడు. తర్వాత తనే ముడి వేసి, ఉమ్మితో తడిపి, బిగించి, కర్ర నీ చేతిలో పెట్టేవాడు. తిట్టు ఉచితం.

తడి లేకుండా బిగిస్తే నైలాన్ దారం ఒరుసుకుని కాలిపోతుందనీ, పెద్ద బాస్ చేప సరిగ్గా అక్కడే తెంపుకుపోతుందనీ అతని సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పు లేదు. కానీ అదే సిద్ధాంతం వారం వారం, అడగకుండా, కాఫీ కూడా తాగకముందే వినవలసి రావడం వేరు. అలబామా ఎండని, దోమల్ని, తమ బావమరుదుల్ని ఓర్చుకున్న మగవాళ్ళు హోయ్ట్‌ని ఓర్చుకోలేక రేవు మార్చుకోవాలని ఆలోచించారు. రెండో రేవు పద్దెనిమిది మైళ్ళ దూరం. అందుకని ఆలోచనతోనే సరిపెట్టుకున్నారు.

ఒకసారి బాప్టిస్టు పాస్టరు వేసిన ముడి పట్టుకుని చూసి, "ఈ ముడికి బాస్ కాదు కదా, పాపం కూడా చిక్కదు పాస్టర్ గారూ," అన్నాడు. బడి బస్సు నడిపే డ్యూయీతో, "నువ్వు బూటు తాళ్ళు కట్టుకుని ఇంతదూరం నడిచొచ్చావంటేనే నాకు వింతగా ఉంది," అన్నాడు. డ్యూయీ మరుసటి వారం తాళ్ళు లేని బూట్లతో వచ్చాడు. హోయ్ట్ అవి చూసి, తెలివైన పని చేశావని మెచ్చుకుని, గాలం తెంపాడు.

హోయ్ట్‌కి ఈ పిచ్చి ఎందుకు పట్టిందన్న దాని మీద రేవులో భిన్నాభిప్రాయాలు ఉండేవి. రైల్వే నుంచి రిటైరయ్యాక తనిఖీ చెయ్యడానికి పెట్టెలు లేక మన మీద పడ్డాడని కొందరు. మూడో పెళ్ళి ప్రభావమని కొందరు. నాలుగేళ్ళ కిందటి వరకూ మాత్రం అతను అందరిలాంటి మనిషే. పడవ అంచున కూర్చుని ఉడికించిన వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటూ, తన పని తాను చూసుకునేవాడు.

హోయ్ట్‌ని అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్నవాడు ఎమ్మెట్ లాటిమర్. అందుకు అతనికి కారణం ఉంది. అందరూ రెండు కర్రలు తెచ్చుకుంటే ఎమ్మెట్ ఐదు తెచ్చేవాడు. హోయ్ట్ ఐదూ తెంపేవాడు.

ఎమ్మెట్ మేజోళ్ళ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు యంత్రాలు బాగుచేశాడు. రెండు వందల సూదులున్న యంత్రంలో ఏ సూది మొన విరిగిందో చప్పుడును బట్టి చెప్పి, యంత్రం వేడి చల్లారకముందే మార్చేవాడు. అవి చేతులు కావని, దేవుడు పొరపాటున మనిషికి తగిలించిన పనిముట్లని మిల్లు మేనేజరు ఒక సభలో అన్నాడు. ఆ మేనేజరే రెండేళ్ళ తర్వాత మిల్లు మూసేసి, ఎమ్మెట్‌కి ఒక గోడగడియారం ఇచ్చి పంపాడు. గడియారం ఇప్పటికీ నడుస్తోంది. చేతులే ఆగిపోయాయి. ఆగిపోవడం కూడా కాదు, ఆగకపోవడమే వాటి జబ్బు. మొదట కుడి బొటనవేలు వణికింది. తర్వాత మిగతా వేళ్ళు దానికి తోడయ్యాయి.

ఎమ్మెట్ ఎవరికీ చెప్పలేదు. కాఫీ సగం కప్పే పోయించుకుని, డాక్టరు తగ్గించమన్నాడని చెప్పేవాడు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకోకుండా, అన్ని పాటలూ కంఠతా వచ్చినవాడిలా కళ్ళు మూసుకుని పాడేవాడు. ఆయన భక్తి ఈ మధ్య పెరిగిందని ఆడవాళ్ళు భార్య లొరేటాతో అన్నారు. లొరేటా తలూపింది. ఆవిడకి తెలుసు.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఎమ్మెట్ షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. దారం కొసని పళ్ళతో పట్టి, మోచేతులు బల్లకి అదిమి, గాలం బెజ్జంలోకి దూర్చడానికే పావుగంట పట్టేది. ఐదు కర్రలకి ఐదు ముడులు. రెండు గంటల పని, మెడ పట్టేసేది. ఆ ఐదింటినీ మరునాడు హోయ్ట్ గ్యాస్కిన్ ఊరందరి ముందూ నిమిషంలో తెంపి పారేసేవాడు.

"ఇది ముడా, పిచ్చుక గూడా? గుడ్లున్నాయేమో చూశావా ఎమ్మెట్?"

రేవంతా నవ్వేది. ఎమ్మెట్ జేబుల్లో చేతులు పెట్టుకుని నీళ్ళ వైపు చూసేవాడు. ఆ మనిషి ఏనాటికైనా ఆ బూటు తాడుకే ఉరేసుకుంటే బాగుండునని మనసులో అనుకునేవాడు. హోయ్ట్ ముడులతో నాలుగేళ్ళలో ఒక్క చేప కూడా తెంపుకుపోలేదన్నది అతను గమనించలేదు. పడిన చేపల గొప్ప తనదే అనుకున్నాడు. కోపంతో ఉన్న మనిషి తనకి జరిగిన మేలు లెక్కపెట్టడు.

కసి తీర్చుకోవడానికి ఎమ్మెట్‌కి ఒక్కటే దారి ఉంది, అబద్ధం. ఆ రేవులో ప్రతివాడూ ప్రతివాడికీ చిట్కాలు చెబుతాడు. ఏ రంగు ఎర, ఎంత లోతు, ఏ మూల, అన్నీ చెబుతాడు, అన్నీ అబద్ధాలే చెబుతాడు. అందులో ఎమ్మెట్ అందరికీ పెద్ద. ముప్ఫై ఏళ్ళుగా ఎవరడిగినా, వాగు మూతి దగ్గర పసుపుపచ్చ చెక్కచేప ఎరతో పట్టానని ఒకే మాట. అతను తూర్పు అంటే జనం పడమరకి పోవడం నేర్చుకున్నారు. పసుపు రంగు ఎరలు ఆ ఊళ్ళో అమ్ముడుపోవు. ఆ వాగు మూతిలో చేపలు ముసలితనం వచ్చి చస్తాయి.

ఆ ఏడు సెప్టెంబరులో లొరేటా నోరు విప్పింది. పడవ అమ్మేద్దాం, మా అన్న కొడుకు కొంటానంటున్నాడు అంది. నీళ్ళ మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు ఆ చేతులతో ఏదైనా అయితే ఎవరికి తెలుస్తుందని అడిగింది. పెద్ద వాదనే జరిగింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎమ్మెట్ ఇరవై రెండేళ్ళుగా తప్పకుండా దిగే అక్టోబరు పోటీలో ఒక్క చేపనైనా తూకానికి తెస్తే పడవ ఉంటుంది. తేలేకపోతే సోమవారం మేనల్లుడు వచ్చి దాన్ని తీసుకుపోతాడు.

పోటీకి ముందు మంగళవారం హోయ్ట్‌ని ఆసుపత్రిలో చేర్చారు. పిత్తాశయంలో రాళ్ళట. తీసేశారట. మూడు వారాలు మంచం దిగకూడదట.

ఎమ్మెట్ ఆ వార్త విని లోపలికి వెళ్ళి, రెండో సగం కప్పు కాఫీ కూడా తాగాడు. ఈ శనివారం తన ముడులు తనవే.

శుక్రవారం ఐదు ముడులూ వేశాడు. అలవాటు కొద్దీ కర్ర ఎత్తి గోడకి ఆనించబోయి ఆగాడు. రేపు గుంజి చూసేవాడు ఉండడు. సరే, మనమే చూద్దామని గాలాన్ని బల్ల అంచుకి తగిలించి, హోయ్ట్‌లాగే ఒక్క గుంజు గుంజాడు. ముడి జారి, దారం వంకీలు తిరిగి అతని ఒళ్ళో పడింది. రెండోదీ అంతే. ఐదూ అంతే. నాలుగేళ్ళలో తన ముడిని తాను గుంజి చూడటం అదే మొదటిసారి.

మళ్ళీ వేశాడు. మళ్ళీ జారాయి. లొరేటా భోజనానికి రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

అయినా పొద్దున్నే రేవుకి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. పడవలో ఐదు కర్రలూ ఉన్నాయి, వాటికి చూడటానికి ముడుల్లాంటివి ఐదు ఉన్నాయి. చిన్న చేప తోక ఆడించినా అవి నిలవవని అతనికి తెలుసు.

అప్పుడు ఎరల కొట్టు నడిపే వర్నెల్ పరుగులాంటి నడకతో వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు. అప్పడిగినవాడిని కూడా బంగారం అని పిలుస్తుంది. ఆవిడ మెడలో బూటు తాడు, దానికి గోళ్ళ కట్టర్. చేతిలో కాగితం సంచీ ముక్క.

"ఎమ్మెట్ గారూ, ఏమీ అనుకోకండి," అంది. కాగితం వైపు చూసుకుంది. "మీ ముడి… దరిద్రంగా ఉంది, బంగారం."

అని టక్కున తెంపింది.

వర్నెల్ కాగితాన్ని పడవ సీటు మీద పెట్టి, మొదటి గాలం చకచకా కట్టి, ఉమ్మితో తడిపి బిగించి, రెండో కర్ర అందుకుంది. కాగితం చూసి, "ఇది మా అత్త… కాదు, మా మేనత్త జడలా ఉంది," అంది. ఆ మాటకి తనే నొచ్చుకుని, "ఆవిడ జడ బాగానే ఉండేది లెండి," అని చేర్చింది.

ఎమ్మెట్ కాగితం అందుకున్నాడు. అది అతని చేతిలో రెపరెపలాడింది. అక్షరాలు హోయ్ట్‌వి, రైల్వే రసీదుల మీద రాసినట్టు నిలువుగా, గట్టిగా ఉన్నాయి.

డ్యూయీవి రెండు. పాస్టరువి రెండు. ఆ తర్వాతే ఎమ్మెట్‌వి, ఐదూ. ముందు అతని దగ్గరికి పోవద్దు. తిట్టకుండా తెంపొద్దు, అనుమానం వస్తుంది. తిట్లు వెనక రాశాను.

"నా దగ్గరికే ముందొచ్చావేం?" అన్నాడు.

వర్నెల్ నాలిక కరుచుకుంది. కొట్టులో చిన్నచేపల తొట్టికి గాలి కొట్టే మిషను ఆగిపోయిందనీ, చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయనీ, ముగ్గురివీ చేసే తీరిక లేక అవసరమైన చోటికే వచ్చాననీ చెప్పింది. చెప్పాక, చెప్పకూడని మాట చెప్పానని అర్థమై, మూడో ముడి మీద తల వంచుకుంది.

"ఎంతమందికి తెలుసు?"

"ఆయనకీ నాకూ. నాకు మొన్న మంగళవారం నుంచే. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే ఆ బండి పక్కన నన్ను నడిపిస్తూ రాయించ… కాదు, ఆయనే రాసిచ్చాడు."

"నాలుగేళ్ళు హోయ్ట్ గ్యాస్కిన్ నోరు మూసుకున్నాడా?"

"నోరు ఎక్కడ మూశాడండీ. ఇది తప్ప మిగతావన్నీ వాగాడుగా."

నాలుగేళ్ళ కిందటి ఏప్రిల్ ఎమ్మెట్‌కి గుర్తొచ్చింది. ఇదే రేవులో, ఇదే సీటు మీద, గాలం బెజ్జంలోకి దారం మూడుసార్లు తప్పిపోయింది. పక్క పడవలో హోయ్ట్ వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. చూశాడేమోనని ఎమ్మెట్ తల ఎత్తేసరికి అతను ఆకాశంలోకి చూస్తున్నాడు, అక్కడేమీ లేకపోయినా. మరుసటి శనివారం మెడలో కట్టర్‌తో దిగి, అందరికంటే ముందు పాస్టరు దారం తెంపాడు.

అంటే పాస్టరు, డ్యూయీ, రేవంతా నాలుగేళ్ళు తిట్లు తిన్నది తన ఐదు ముడుల కోసం.

ఎమ్మెట్‌కి ముందు కృతజ్ఞత కలగలేదు, ఒళ్ళు మండింది. తన మీద ఒకడు జాలిపడ్డాడు, అదీ హోయ్ట్. కర్రలు నీళ్ళలో గిరాటు వేసి ఇంటికి పోదామనిపించింది. కానీ ఐదు ముడులూ గట్టిగా ఉన్నాయి. సోమవారం మేనల్లుడు వస్తాడు. పడవ తోశాడు.

ఆ రోజు అతను ఒక్క చేపే తెచ్చాడు. నాలుగు పౌన్ల బాస్. పోటీలో ఏడో స్థానం. లొరేటా అడిగింది ఒక్కటే కాబట్టి మేనల్లుడికి రావద్దని ఫోను చేసింది. వాగు మూతి దగ్గర, పసుపుపచ్చ చెక్కచేపతో పట్టానని ఎమ్మెట్ అందరికీ చెప్పాడు.

నాలుగో శనివారం హోయ్ట్ వచ్చాడు. ప్యాంటు వదులై, బెల్టుకి కొత్త చిల్లు పడింది. మొహం పాలిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. డ్యూయీవి తెంపాడు, పాస్టరువి తెంపాడు, ఎమ్మెట్ పడవ దగ్గరికి వచ్చి మొదటి ముడి గుంజాడు.

"ఇది చూస్తుంటే నా కుట్లు నొప్పెడుతున్నాయోయ్."

టక్. ఐదూ తెంపాడు, ఐదూ కట్టాడు. ఎమ్మెట్ ఎప్పటిలాగే నీళ్ళ వైపు చూశాడు. అంతా అయ్యాక కోటు లోపలి నుంచి బూటు తాడు ఒకటి బయటికి లాగాడు. దానికి కొత్త గోళ్ళ కట్టర్ వేలాడుతోంది. ఎమ్మెట్ ఈసారి హోయ్ట్ సొంత కర్ర అందుకుని, గాలం పట్టుకుని గుంజాడు. ముడి ఉక్కులా నిలిచింది. కట్టర్ నోరు దారం మీద పెట్టబోతే రెండుసార్లు తప్పింది. రేవంతా చూస్తోంది. హోయ్ట్ ఆకాశంలోకి చూస్తున్నాడు. మూడోసారి తెగింది.

"దరిద్రంగా ఉంది, బంగారం," అన్నాడు ఎమ్మెట్.

రేవులో నవ్వు రెండో ఒడ్డుకి వినబడేంత అయింది. పాస్టరు పడవ అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. హోయ్ట్ మాత్రం నవ్వలేదు. ఎమ్మెట్‌ని ఒక్క క్షణం చూసి, కొట్టు గుమ్మంలో నిలబడ్డ వర్నెల్‌ని చూశాడు. వర్నెల్ లోపలికి పోయింది. హోయ్ట్ కూర్చుని తన ముడి తాను మళ్ళీ కట్టుకున్నాడు.

హోయ్ట్ మోటారు తిప్పబోతుంటే ఎమ్మెట్ ఆ పడవ పక్కకి వంగి, ఎవరికీ వినపడకుండా చెప్పాడు. పాత వంతెన స్తంభాలు, ఉత్తరం నుంచి మూడోది. నీడ పడే వైపు. ఊదారంగు రబ్బరు వానపాము, తేలికపాటి సీసం గుండు. అడుక్కి దిగాక లాగొద్దు, పది లెక్కపెట్టు. ముప్ఫై ఏళ్ళలో ఆ నోటి నుంచి నిజం వినడం ఆ నీళ్ళకే మొదటిసారి.

హోయ్ట్ అతన్ని ఎగాదిగా చూశాడు.

"సిగ్గుండాలోయ్. కడుపు కోయించుకుని వచ్చినవాడితో కూడా అబద్ధమేనా?"

మోటారు తిప్పి, పడవ ముక్కు తిప్పి, వంతెనకి సరిగ్గా ఎదురు దిక్కున వాగు మూతి వైపు పోయాడు.