నీడన ఆరిన వేపగింజలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. చల్లపల్లి పక్క పల్లెలో శౌరమ్మ కూతురు ఏంజెల్ విజయవాడ కాలేజీలో మొక్కల రసాయనాల మీద పరిశోధన చేస్తోందంటే ఊరంతటికీ గొప్పే. ఆ పిల్ల చెప్పిన వేప మందు చేనుకు కొట్టమంటే మాత్రం నవ్వు.

నవ్వరా మరి! నిరుడు కూతురి మాట విని శౌరమ్మ తన కౌలు ఎకరంలో మినుముకు వేపగింజల రసం కొట్టింది. లద్దె పురుగు ఆ రసాన్ని లెక్కచేయకుండా ఆకుల్ని జల్లెడ చేసింది. చేను బసవపున్నయ్య గారిది. "మీ పిల్ల చదువుకి నా చేను పలక కాదు శౌరమ్మా. ఈ ఏడూ ఇంతే అయితే కౌలు వేరేవాళ్లకిచ్చేస్తా" అని తేల్చేశారు. ఎకరం చేజారితే శౌరమ్మ మళ్లీ కూలికి పోవాల్సిందే. అది తలుచుకుంటే ఏంజెల్‌కి ముద్ద దిగేది కాదు.

మిగిలిన గింజల్ని ల్యాబుకి పట్టుకెళ్లి పరీక్ష చేసింది. పురుగు నోరు కట్టేసే అజాడిరక్టిన్ వాటిలో ఉందో లేదో అన్నట్టుంది. అమ్మ వాటిని ఎక్కడ ఆరబోసిందో గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. డెల్టాలో వడ్లయినా, మినుములయినా, మిరపకాయలయినా తారు రోడ్డు మీద ఎండాల్సిందే. వేపగింజలూ అక్కడే ఎండాయి. గింజల్లోని మందు గుణమంతా ఎండకు హరించుకుపోయింది. రోడ్డు మీద పోయొద్దని చెప్పాలని తనకూ తోచలేదు.

ఆషాఢంలో వేపపళ్లు రాలగానే తల్లీకూతుళ్లు గింజలు ఏరారు.

"ఎండ తగలకపోతే బూజు పట్టదూ?" అంది శౌరమ్మ.

"పల్చగా పరుద్దాం అమ్మా, గాలి చాలు."

చర్చి వరండా అంతా పరిచారు. ఆదివారం ప్రార్థనకొచ్చినవాళ్లు గింజలు తొక్కకుండా గెంతుతూ లోపలికి వెళ్లి, శౌరమ్మని తనివితీరా ఆడిపోసుకున్నారు.

మినుము పూతకొచ్చాక పురుగు దిగింది. గింజలు దంచి, మూటకట్టి, నీళ్లలో నానబెట్టి, ఆ రసం పొద్దువాలాక కొట్టారు. తెల్లారి చూస్తే పురుగులు నిక్షేపంగా పాకుతున్నాయి.

"అయిందా సంబరం?" అన్నారు గట్టు మీద నుంచి బసవపున్నయ్య గారు.

శౌరమ్మ కూతురి దగ్గరికి జరిగింది. "కొట్టులో మందు తెచ్చేదా?" అని గొణిగింది.

"ఇది వెంటనే చంపదమ్మా, తిండి మాన్పిస్తుంది. పురుగుని కాదు, ఆకుని చూస్తుండు" అని ఏంజెల్ విజయవాడ బస్సెక్కింది. ధైర్యం చెప్పిందే గానీ, దారి పొడవునా ఫోన్ చేతిలోంచి దించలేదు.

నాలుగు రోజులకు ల్యాబులో ఉండగా ఫోన్ మోగింది. "ఒసేయ్ ఏంజెల్! ఆకుల మీద కొత్త చిల్లు ఒక్కటంటే ఒక్కటి లేదే! పురుగులు చర్మం విడవలేక నల్లబడి రాలిపోతున్నాయి! స్తోత్రం ప్రభువా!"

ఏంజెల్ వేసిన కేకకు పక్కవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఎవరేమనుకుంటే ఏం? నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ ఏడు ఎకరం విరగకాసింది. తన సొంత పొలంలో మూడుసార్లు కొట్టు మందు చల్లినా పురుగు వదలక, బసవపున్నయ్య గారు తనంతట తానే శౌరమ్మ గుమ్మంలోకొచ్చారు. "చేను నువ్వే చేసుకో శౌరమ్మా. ఆ మందేదో మా పొలానిక్కూడా... అమ్మాయి చెబుతుందేమోనని."

ఏంజెల్ నోరు తెరిచేలోపే శౌరమ్మ అందుకుంది.

"తప్పకుండా చెబుతుందండీ. ముందు మీ వరండాలో ఆ సోఫాలు తీయించండి. గింజలు రోడ్డు మీద పోశారో, నేనొప్పుకోను."