మీగడ ముందా, జామ్ ముందా

మొన్న శనివారం మా అత్తగారిని కళ్ళ డాక్టరుకి చూపించి తిరిగి వస్తుంటే టీ తాగాలనుందన్నారు. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్లకి రెండు సిగ్నల్స్ ఇవతల ఉన్న కాఫీ షాపులోకి తీసుకెళ్ళాను. గాజు అరలో పంచదార పాకం పోసిన మూడుమూలల బిళ్ళలు కనిపించాయి. "రెండు టీలు, ఒక స్కాన్," అన్నాను, మా అత్తగారు నేర్పిన పలుకుతో. కౌంటర్ వెనకున్న అమ్మాయి నవ్వుతూ, "బ్లూబెర్రీ స్కోన్?" అని సరిదిద్దింది. నేను భయంగా అత్తగారి వైపు చూశాను. పదేళ్ళ క్రితమైతే ఆ పిల్లకి అక్కడికక్కడే పావుగంట పాఠం అయ్యేది, వెనక లైన్లో నిలబడ్డవాళ్ళతో సహా. ఆవిడ మాత్రం కుర్చీ కోసం వెతుక్కుంటూ, "ఏదో ఒకటిలే అమ్మాయ్. ఏదైతే ఏముంది?" అన్నారు. మా అత్తగారి నోట ఏ విషయంలోనైనా సరే, స్కాన్ విషయంలో మరీనూ, "ఏదైతే ఏముంది" అన్న మాట వస్తుందని నేను ఊహించలేదు.

ఆవిడ కోస్తాలో ఒక మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళకి పైగా నర్సు. ఆవిడకి ట్రైనింగ్ ఇచ్చిన మేట్రన్ స్కాట్లండ్ నుంచి వచ్చిన దొరసానమ్మ. ఆ దొరసానమ్మ బొగ్గుల కుంపటి మీద రేకు పెట్టె బోర్లించి, నిప్పులు పైనా కిందా పేర్చి, క్రిస్మస్ ముందు నర్సు పిల్లలందరికీ స్కాన్లు, అంటే టీతో తినే మెత్తటి గుండ్రటి రొట్టెలు, కాల్చి పెట్టేదట; వాళ్ళ వైపు స్కోన్‌ని అలాగే పలుకుతారట. కట్టు కట్టడం, సూది వెయ్యడం, స్కాన్ కాల్చడం మూడూ ఒకే చేతి దగ్గర నేర్చుకోవడం వల్లనో ఏమో, మా అత్తగారికి మూడింట్లోనూ ఒకటే పద్ధతి: చెప్పింది చెప్పినట్టు జరగాలి. మామగారు పోయాక మా దగ్గరికి వచ్చేసిన కొత్తలో, మా ఓవెన్ చూసి చిన్నపిల్లలా సంబరపడి, మర్నాడు మధ్యాహ్నమే పిండి కలిపారు. ఓవెన్ ఆవిడకి కొత్త, స్మోక్ అలారం అంతకన్నా కొత్త. నేను ఆఫీసు కాల్ వదిలేసి తువ్వాలు పట్టుకుని అలారం కింద గంతులేస్తుంటే ఎవరో తలుపు దబదబా బాదారు.

కింది వాటాలో ఒంటరిగా ఉండే తెల్లావిడ. అమెరికన్‌ని పెళ్ళాడి ఇంగ్లండ్ నుంచి వచ్చి యాభై ఏళ్ళయినా, ఆ యాస మాత్రం చెక్కు చెదరలేదు. తిట్టడానికే వచ్చింది, పాపం. ట్రే చూసి తిట్టడం మరిచిపోయింది. "స్కోన్స్!" అంది. "స్కాన్స్," అన్నారు మా అత్తగారు, పేషెంటు ఉష్ణోగ్రత చెప్పినంత కచ్చితంగా. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. పేరు దగ్గరే ఇలా ఉందంటే తినడం దగ్గర ఎలా ఉంటుందో చూడండి. మా అత్తగారు స్కాన్‌ని రెండుగా విరిచి ముందు మీగడ రాసి, ఆ పైన జామ్ వేశారు. తెల్లావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నో, నో, డియర్! జామ్ ఫస్ట్!"

అది మొదలు ప్రతి మంగళవారం మూడింటికి మా డైనింగ్ టేబుల్ దగ్గర కోర్టు కూర్చునేది. మా అత్తగారి వాదన ఇది: రొట్టె మీద ముందు వెన్న రాసి కదా జామ్ వేస్తాం, మీగడ వెన్నకి అక్క, కాబట్టి మీగడే ముందు. తెల్లావిడ వాదన ఇంకా గట్టిది: మా అమ్మ అలాగే చేసేది. దానికి జవాబు లేదు. ఆవకాయ విషయంలో మనం అందరం చెప్పేదీ అదే కదా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఇద్దరూ ఒకే కుందేలుని చెరోవైపూ పట్టుకుని కూర్చునేవారు. ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఒక్క విషయంలోనే: అమెరికన్లు అమ్మే మూడుమూలల తీపి బిళ్ళని స్కోన్ అనడానికి వీల్లేదు, స్కాన్ అనడానికి అసలు వీల్లేదు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన చిక్కటి పాలు సన్నటి సెగ మీద గంటలు గంటలు కాచి మా అత్తగారు తీసే మీగడ, తన చిన్నప్పటి మీగడకి దగ్గరగా ఉంటుందని తెల్లావిడ ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. ఆ రోజు మా అత్తగారు ఆవిడని "వదినా" అని పిలిచారు. ఎందుకలా అంటే, "వాదించడానికి వదిన కాక ఇంకెవరుంటారే?" అన్నారు నాతో. ఆవిడ కూడా "వాడినా" అని పిలవడం నేర్చుకుంది. మా పిల్లలకి ఆవిడ గ్రానీ అయిపోయింది.

నాలుగో ఏడు చలికాలంలో ఆ తెల్లావిడకి స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది గానీ కుడి చెయ్యి లేవదు, మాట లేదు. అర్థం మాత్రం అన్నీ అవుతాయి. ఒహాయో నుంచి కూతురు వచ్చి పక్కనే ఉంది. మింగడానికి ఇబ్బంది లేదని డాక్టర్లు చెప్పినా మనిషి ఏమీ తినదు, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. "మరో రెండు వారాలు చూస్తాను ఆంటీ. ఇలాగే ఉంటే మా ఊళ్ళో నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళిపోతాను," అని ఆ కూతురు మా అత్తగారి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అందరం ఆవిడ దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళం. ఆవిడ ఎటు చూస్తే అటు తలూపేవాళ్ళం. ఆ మంగళవారం మా అత్తగారు స్కాన్లు కాల్చి, నేను ముక్కున వేలేసుకునేలా, ముందు జామ్ రాసి దాని మీద మీగడ పెట్టారు. కిందికి తీసుకెళ్ళి, "చూడు వదినా, నీ పద్ధతే. నువ్వే గెలిచావు. స్కోన్," అన్నారు. ఆవిడ ప్లేటు వంక చూసింది. మా అత్తగారి మొహం వంక చూసింది. ఎడమ చేత్తో ప్లేటు అవతలికి నెట్టేసి గోడ వైపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చాక మా అత్తగారు వంటగదిలో స్టూలు మీద కూర్చుండిపోయారు. "తప్పు చేశానమ్మాయ్," అన్నారు. "నర్సుగా ఎన్ని మంచాల పక్కన నిలబడ్డాను! పోయేవాళ్ళ దగ్గరే మనం అన్నిటికీ సరే సరే అంటాం. ఆ సంగతి దానికి తెలీదూ? నువ్వింక పోయినట్టే అని నా నోటితో నేనే చెప్పొచ్చాను."

మర్నాడు మంగళవారం కాదు. అయినా మళ్ళీ కాల్చారు. ఈసారి మీగడ దిట్టంగా కింద, జామ్ పైన. వెళ్ళి ప్లేటు ఆవిడ ఒళ్ళో పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "స్కాన్!" అన్నారు, పక్క వాటాకి వినిపించేలా. "మా దొరసానమ్మ పద్ధతి. ఇష్టముంటే తిను, లేకపోతే మానెయ్!" కూతురు కంగారుగా లేచింది. నేను ఆపబోయాను. ఆవిడ ప్లేటు చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చేత్తో చెంచా అందుకుని, ఆ జామ్ అంతా పక్కకి తోసి, మీగడంతా గీకి పారేసి, మళ్ళీ జామ్ పులమడం మొదలుపెట్టింది. దుప్పటి నిండా, నైటీ నిండా ఎర్రటి జామ్. ఎవరమూ సాయం చెయ్యలేదు. మీగడ చివర్న పైన పెట్టి, ఆయాసపడుతూ, నెల రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. "నో," అంది. ఆగి, ఎంతో కష్టపడి, "జామ్," అంది. అని, కొరికింది. "నీ మొహం, వదినా! మీగడే ముందు!" అంటూ మా అత్తగారు పోట్లాడుతూనే ఉన్నారు, కళ్ళ నీళ్ళు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోకుండా.

కూతురు ఒంటరిగానే ఒహాయో వెళ్ళింది. మాటలు పూర్తిగా తిరిగి రాలేదు గానీ వాదించడానికి సరిపోయినన్ని వచ్చాయి. ఇంకో మూడేళ్ళు మంగళవారం కోర్టు కింది వాటాలో నడిచింది. ఆవిడ పోయే ముందు వారం కూడా తీర్పు రాలేదు. ఆ తర్వాత మా అత్తగారు స్కాన్ కాల్చలేదు.

కాఫీ షాపులో టీ తాగి వస్తూ ఇదంతా తలుచుకున్నాను. ఈమధ్య అత్తగారి మాటలు తడబడుతున్నాయి, పేర్లు మరిచిపోతున్నారు. అందుకని నేను కూడా ప్రతిదానికీ "సరే అత్తయ్యా, అలాగే అత్తయ్యా" అంటున్నాను. పులుసులో ఉప్పెక్కువైందన్నా సరే, తక్కువైందన్నా సరే. ప్రేమే అనుకున్నాను. గోడ వైపు తిరిగిన ఆ మనిషి గుర్తొచ్చి సిగ్గేసింది.

మంగళవారం మధ్యాహ్నం పిండి కలిపాను. నావి కొంచెం మాడాయి. జామ్ కింద రాసి, మీగడ పైన పెట్టి, ఆవిడ ముందు ప్లేటు ఉంచి, "స్కోన్ అత్తయ్యా," అన్నాను. కొత్త కళ్ళద్దాల్లోంచి ప్లేటు చూశారు, నన్ను చూశారు. "ఇన్నేళ్ళు నాతో ఉండి," అన్నారు, గొంతు పెంచి, "నీకు ఆవిడ బుద్ధులే వచ్చాయే!" అని ప్లేటు తన వైపు లాక్కుని చెంచా అందుకున్నారు. కాలం ఎలాగూ ఒక్కొక్కటే తీసుకుపోతుంది, కాదనలేం. దానికన్నా ముందు మనం జాలిపడి తీసుకోకుండా ఉంటే చాలు.